చుక్క రాలితే వినబడుతది, కానీ మనకొక బీకన్ కావాలె

  

హాస్టల్ మెస్‌లో ఒక సీనియర్ అన్న మమ్మల్ని నిలబెట్టి అడిగిండు: "గ్రూప్స్‌కి చదవాల్సిన టైంల డాబా మీద వైర్లు కట్టుకుంట కూర్చుంటరా? దీనితోని ఉద్యోగం వస్తదా తమ్మీ?" అప్పుడు మేము నవ్వి ఊరుకున్నం. ఊరుకున్నందుకు తర్వాత మాకే బాగ అనిపించలేదు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నం. అన్న తిట్టినా సరే, ముందు చివరి దాకా చదవాలె.

మేము చేస్తున్నది ఉల్కలను రేడియోతో వినడం. మన ఊర్ల భాషలో చెప్పాలంటే చుక్క తెగిపడ్డప్పుడు దాన్ని కంటితో కాకుండ చెవితో పట్టుకోవడం. శంషాబాద్ దగ్గర ఉంటున్నం కాబట్టి అక్కడే మొదలుపెట్టినం. మా మొదటి తప్పు కూడా అక్కడే జరిగింది. దాంతోనే మొదలుపెడతం.

పోయిన డిసెంబర్ 13 రాత్రి. జెమినిడ్స్ అనే ఉల్కల వాన ఏటా 13, 14 తేదీల్లో జోరు మీద ఉంటుంది. ఎఫ్‌ఎంలో మన దగ్గర ఏ స్టేషనూ లేని ఒక ఖాళీ జాగా చూసి రేడియో అక్కడ పెట్టినం. "స్స్స్" అని ఒకటే సొద. పది నిమిషాలకు ఒక్కసారిగా పాట వచ్చింది. వణుకుకుంట, పైకి కిందికి ఊగుకుంట ఇరవై ముప్పై సెకన్లు వినబడి పోయింది. మా ఆనందం చూడాలె! నోటుబుక్కులో గీత. ఇంకొద్ది సేపటికి మళ్లీ పాట, మళ్లీ గీత. చలికి దుప్పట్లు కప్పుకుని రాత్రి ఒంటి గంట దాకా గీతలు పెడుతనే ఉన్నం. అప్పుడు మాలో చిన్నోడు, ఇంటర్ చదివే తమ్ముడు, మెల్లగ అన్నడు: "అన్నా, పాట వచ్చిన ప్రతిసారి దగ్గర దగ్గరనే నెత్తి మీదికెళ్లి విమానం పోతున్నది."

అంతే. మేము రాత్రంతా లెక్కపెట్టింది ఉల్కలను కాదు, ఫ్లైట్లను.

సిగ్గుపడ్డం. కానీ ఆ రాత్రి నేర్చుకున్నది ఏ ప్రాక్టికల్ క్లాసులోనూ నేర్చుకోలేదు. ఎట్లంటే, ఎఫ్‌ఎం తరంగం దాదాపు సూటిగా పోతది. బెంగళూరు ఎఫ్‌ఎం మన శంషాబాద్‌లో వినబడదు, ఎందుకంటే మధ్యలో 500 కిలోమీటర్ల దూరం, భూమి వంపు అడ్డం. ఆ తరంగం మన నెత్తి మీద చాలా ఎత్తుల నుంచి ఆకాశంలోకి పోతది. దారిలో ఏదైనా అడ్డం తగిలి కిందికి మళ్లిస్తే తప్ప మనకు అందదు. పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం లోహపు ఒళ్లు ఆ పని చేస్తది. మెల్లగ కదులుతది కాబట్టి పాట చాలా సేపు ఊగుకుంట వినబడుతది.

ఉల్క కూడా అదే పని చేస్తది, కానీ వేరే తీరుగా. ఇసుక రేణువంత, కందిగింజంత రాయి సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొస్తది. భూమికి 80 నుంచి 110 కిలోమీటర్ల ఎత్తున మండిపోతది. మండేటప్పుడు దాని వెనుక ఎలక్ట్రాన్లు విడిపోయి కొన్ని కిలోమీటర్ల పొడుగు గీత ఏర్పడుతది. రేడియో తరంగానికి ఆ గీత అద్దం లాంటిది. అది చెదిరిపోయే దాకా, అంటే చాలాసార్లు సెకనులో కొంత భాగం, పెద్ద ఉల్క అయితే కొన్ని సెకన్లు, దూరపు స్టేషన్ మనకు వినబడుతది. పాట కాదు, పాటలో ఒక ముక్క. "దిల్" అని వినబడి ఆగిపోతది. లేకపోతే తబలా మీద ఒక్క దెబ్బ. అది ఉల్క. తేడా ఒకసారి చెవికి ఎక్కితే మళ్లీ పొరపాటు పడరు.

తర్వాత మేము జాగా మార్చినం. కారణం విమానాలు ఒక్కటే కాదు. హైదరాబాద్ చుట్టూ ఎఫ్‌ఎం స్టేషన్లు మస్తు బలంగా ఉంటాయి. చవక రిసీవర్ ఆ మోతకు తట్టుకోలేక ఉక్కిరిబిక్కిరి అయితది. ఉదాహరణకు బెంగళూరు రెయిన్‌బో 101.3 మీద ఉంది. వినడానికి మంచి దూరమే. కానీ మన హైదరాబాద్ రెయిన్‌బో పక్కనే 101.9 మీద అరుస్తుంటది. జాతరలో డప్పుల పక్కన నిలబడి చెవిలో మాట చెప్పినట్టే. అందుకే షాద్‌నగర్ వైపు మా దోస్తు వాళ్ల తాండాకు పోయినం. అక్కడ ఇంటి వెనక చింతచెట్టుకు వైరు కట్టినం. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఒక ముక్క పాట టప్పున వచ్చి పోయింది. మంచంలో పడుకున్న దాది లేచి, "ఎవరు పాడిండ్రు?" అన్నది. దోస్తు చెప్పిండు, "చుక్క రాలింది దాదీ, అదే చప్పుడు" అని. దాది కాసేపు ఆగి, "రాలే చుక్కను చూడొద్దంటరు. వినొద్దని అయితే ఎవరూ చెప్పలే" అని మళ్లీ దుప్పటి కప్పుకుంది.

ఖర్చు సంగతి. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి తయారుచేసిన చిన్న యూఎస్‌బీ డాంగిల్‌ను రేడియో రిసీవర్‌గా వాడొచ్చని 2012 ప్రాంతంలో బయటి దేశాల కుర్రాళ్లు కొందరు కనిపెట్టిండ్రు. దాన్ని ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ అంటరు. సుమారు 24 నుంచి 1700 మెగాహెర్ట్జ్ దాకా వింటది. రెండు మూడు వేల రూపాయలలో దొరుకుతది. మేము నలుగురం స్కాలర్‌షిప్ పడ్డప్పుడు తలా కొంత వేసుకున్నం. యాంటెన్నాకు పైసలు పెట్టనే లేదు. 100 మెగాహెర్ట్జ్‌కు రెండు చేతుల వైరు సరిపోతది, ఒక్కో చేయి 71 సెంటీమీటర్లు. 142.5ను ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మొత్తం పొడవు మీటర్లలో వస్తది, దాన్ని సగం చేయాలె. జీఐ వైరు, పీవీసీ పైపు ముక్క, పక్కింటోళ్లు పీకేసిన డిష్ కేబుల్. పాత లాప్‌టాప్. సాఫ్ట్‌వేర్ ఉచితం. డాంగిల్ కూడా లేకపోతే బయటి యాంటెన్నా పెట్టుకునే వీలున్న పాత కారు రేడియోతోనైనా మొదలుపెట్టొచ్చు.

"యాప్‌లో చూస్తే ఉల్కల టైం వస్తది గదా, బయటికి పోయి కంటితో చూస్తే చాలదా" అని ఇంకొకరు అన్నరు. శంషాబాద్‌లో చూసి చెప్పండి. 2008 మార్చిలో ఎయిర్‌పోర్టు బేగంపేట నుంచి ఇక్కడికి వచ్చింది. దాదాపు 5,500 ఎకరాలు. దాని చుట్టూ గోదాములు, హోటళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు, వెంచర్లు. రాత్రి ఆకాశం బూడిద రంగు అయింది. సప్తర్షులలో ఏడు చుక్కలు లెక్కపెట్టడం కూడా కొన్ని రాత్రులు కష్టమే. ఈ జిల్లాలోనే ఇబ్రహీంపట్నం అవతల ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ ఉంది. 48 అంగుళాల టెలిస్కోపు పెట్టి, 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఎక్కడెక్కడి నుంచో సైంటిస్టులు వచ్చిన చోటు. అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూడాలంటే ఒక ఆదివారం పోయి రండి. మేము ఏం చెప్పం.

రేడియోకు వెలుతురుతో పని లేదు. మబ్బుతో కూడా పని లేదు. ఆగస్టు 12, 13న వచ్చే పర్సిడ్స్ మనకు ప్రతి ఏడు వానల్లో కొట్టుకపోతాయి. రేడియోకు వాన అడ్డం కాదు. ఇంకో సంగతి మాకే నమ్మబుద్ధి కాలేదు: పగటి పూట కూడా ఉల్కల వానలు ఉంటాయి. జూన్ 7 ప్రాంతంలో వచ్చే ఏరియెటిడ్స్ ఏడాదిలో గట్టి వానల్లో ఒకటి. సూర్యుడి పక్క నుంచే వస్తది కాబట్టి కంటికి దాదాపుగా కనబడదు. అది ఉన్నదని మనుషులకు తెలిసిందే రేడియో వల్ల. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక బెర్నార్డ్ లోవెల్ అనే ఆయన సైన్యం వదిలేసిన రాడార్ బండ్లను ఇంగ్లండ్‌లో జోడ్రెల్ బ్యాంక్ అనే ఊరికి తీసుకపోయి, యూనివర్సిటీ వాళ్ల మొక్కల తోటలో పెట్టిండు. ఆయన వెతికింది వేరేదాని కోసం. దొరికింది ఉల్కలు. 1947 ఎండాకాలంలో ఆయన బృందం పగటి వానలను పట్టుకుంది. ఉల్కల గురించి ఆయనకు దగ్గరుండి నేర్పింది ప్రెంటిస్ అనే వకీలు. సైంటిస్టు కాదు, రాత్రిళ్లు ఆరుబయట కూర్చుని ఉల్కలు చూసే అలవాటున్న మనిషి.

అంతకు ముందే మన దేశంలో ఒకటి జరిగింది. ఎక్కడా పాఠంగా చెప్పరు. 1941లో చమన్‌లాల్, వెంకటరామన్ అనే ఇద్దరు ఆలిండియా రేడియో ఇంజనీర్లు, షార్ట్‌వేవ్ ప్రసారం వింటుంటే మధ్యమధ్యలో ఈల లాంటి శబ్దం వచ్చి సన్నగిల్లడం గమనించిండ్రు. అది రిసీవర్‌లో లోపం అనుకుని వదిలేయలేదు. గాలిలోకి దూసుకొచ్చే ఉల్క నుంచి తిరిగొచ్చిన తరంగం, నేరుగా వచ్చే తరంగంతో కలిసి ఈల పుడుతున్నదని తేల్చి "ఈల వేసే ఉల్కలు" అని వ్యాసం రాసిండ్రు. డ్యూటీలో ఉండి, ఉన్న సామానుతో చేసిన పని అది. సీనియర్ అన్న ఆ టైంలో ఉంటే వాళ్లను కూడా అడిగేవాడేమో, దీనితోని ప్రమోషన్ వస్తదా అని.

ఇక్కడ ఆకాశం మనకు కొత్త కాదన్న మాట కూడా చెప్పాలె. టీఐఎఫ్‌ఆర్‌లో పనిచేసిన మయాంక్ వాహియా, అమరావతి ఊరికి చెందిన గణేష్ హల్కరే కలిసి 2013లో గోండుల ఖగోళ జ్ఞానం మీద వ్యాసం రాసిండ్రు. ఆ అమరావతి మన ఆంధ్రది కాదు, మహారాష్ట్రది. వాళ్లు తిరిగింది మన ఆదిలాబాద్‌కు సరిహద్దు అవతల విదర్భలో. సప్తర్షులలో నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం, వెనక మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకపోవడానికి వచ్చిన దొంగలు అని గోండు పెద్దలు చెప్పింది అందులో ఉంది. మనలో చాలామంది ఇదే కథ ఆరుబయట పడుకున్నప్పుడు విన్నవాళ్లమే. చదివితే సంతోషం అయింది. కొంచెం గుచ్చుకుంది కూడా. రాసినవాళ్ల మీద కోపం లేదు, వాళ్లు రాయకపోతే ఆ మాటలు ఆ పెద్దలతోనే పోయేవి. కానీ ప్రతిసారి చెప్పేది మన తాత, రాసేది ఇంకొకరు. కొలిచేది ఎప్పుడూ మనం కాదు. మేము డాబా మీద పెట్టే గీతలు చిన్నవే, కానీ ఆ గీతలు పెట్టేది మేమే.

ఆ గీతలకు విలువ ఉంటదా? ఉంటది. రోజూ ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే యాంటెన్నా, గంటకు ఎన్ని అని రాసుకుంటూ పోతే ఒక పద్ధతి బయటపడుతది. తెల్లవారుజామున ఎక్కువ, సాయంత్రం తక్కువ. వానలో ఉరికే ఆర్టీసీ బస్సుకు ముందు అద్దం మీద చినుకులు ఎక్కువ, వెనక అద్దం మీద తక్కువ పడ్డట్టే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో ఉరుకుతున్నది. తెల్లవారే వైపు దాని ముందు అద్దం. మా నోటుబుక్కులో ఈ పద్ధతి కనబడిన రోజు, భూమి తిరుగుతున్నదని పుస్తకంలో చదివింది మొదటిసారి మా చేతిరాతలో చూసినం. ఇట్లాంటి గంటల లెక్కలను ప్రపంచం నలుమూలల నుంచి ఔత్సాహికులు పంపితే ఒకచోట చేర్చే ఆర్ఎంఓబీ అనే బులెటిన్ ఉంది. ఎప్పుడైనా ఊహించని వాన కురిస్తే, అన్ని రేఖాంశాల మీద ఎవరో ఒకరు వింటుంటేనే తెలుస్తది.

ఇప్పుడు కష్టమైన మాట.

జనవరిలో ఒక సాయంత్రం మేము యాంటెన్నా పట్టుకుని రోడ్డు పక్క ఖాళీ జాగాలో నిలబడ్డం. ఎవరో ఫోన్ చేసినట్టున్నరు, ఇద్దరు వచ్చి ఆపిండ్రు. ముందు అందరి పేర్లు అడిగిండ్రు. మాలో ఒకరిది భద్రాచలం అవతల గూడెం. ఆ ఊరు పేరు చెప్పంగనే ప్రశ్నల తీరే మారిపోయింది. "వైర్‌లెస్ ఎందుకు? ఎవరు ఇచ్చిండ్రు? ఎవరితో మాట్లాడుతరు?" ఫోన్ తీసుకుని గ్యాలరీ అంతా చూసిండ్రు. ఫిజిక్స్ సార్ వచ్చి చెప్పేదాకా రెండు గంటలు నిలబెట్టిండ్రు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల చేతిలో యాంటెన్నా ఉంటే ప్రాజెక్టు అంటరు. మన చేతిలో ఉంటే ఇంకేదో అనుకుంటరు. ఆ రాత్రి ఆ దోస్తు "నేను రాను, మీరు వినుకోండి" అన్నడు. మూడు వారాలు రాలేదు.

ఈ సంగతి చెప్పి "అందుకే మానేద్దాం" అనడానికి రాయడం లేదు. అట్లని వాళ్ల భయం పూర్తిగా ఉత్తదని కూడా అనం. ఎయిర్‌పోర్టు పక్కన రేడియో అంటే ఆట కాదు. ఎఫ్‌ఎం 108 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతే అక్కడి నుంచి 137 దాకా విమానాలది. దారి చూపే సిగ్నళ్లు, పైలట్ల మాటలు అన్నీ అందులోనే. డాంగిల్‌కు అవి అందుతాయి, అయినా మనం అటు పోవద్దు. ఎఫ్‌ఎం అందరూ వినడానికే పంపుతరు, అది వింటే చాలు. లైసెన్స్ లేకుండ ఏ సెట్టు నుంచీ ఒక్క మాట కూడా గాలిలోకి పంపొద్దు. ఆన్‌లైన్‌లో చవక వాకీటాకీలు దొరుకుతున్నయి గదా అని కొంటున్న తమ్ముళ్లు ఉన్నరు, వాళ్లకు ఈ మాట గట్టిగా చెప్తున్నం.

లైసెన్స్ తీసుకోవాలె. దాని మీద మా అభిప్రాయం గట్టిది. కేంద్ర టెలికాం శాఖ అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్ పరీక్ష పెడుతది, ఏఎస్ఓసీ అంటరు. 12 ఏళ్లు నిండితే రాయొచ్చు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్ తెలిసినవాళ్లకు సిలబస్ భారం కాదు. పాసై లైసెన్స్ వస్తే వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్ ఇస్తరు. హైదరాబాద్‌లో రాజ్‌భవన్ రోడ్డు మీద 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, ఆ సంస్థ తరఫున రేడియో ప్రయోగాలకు పోయి పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ అనే హామ్, ఫోన్లు తెగిపోయిన అండమాన్ నుంచి రోజుల తరబడి కబుర్లు పంపింది. సెల్ సిగ్నల్ దొరకని గూడేల నుంచి వచ్చిన మనకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

కాల్ సైన్‌లో మాకు నచ్చింది ఇంకొకటి ఉంది. గాలిలో మనిషిని దానితోనే పిలుస్తరు. పేరు చివర నాయక్ ఉందా, ఇంటిపేరు ఏంది, ఏ ఏజెన్సీ అన్నది మొదటి ప్రశ్న కాదు. నీ సిగ్నల్ ఎంత బాగ అందుతున్నది అన్నది మొదటి ప్రశ్న. జనవరిలో ఆ సాయంత్రం మా దగ్గర ఆ కార్డు ఉంటే రెండు గంటలు ఇరవై నిమిషాలు అయ్యేదేమో. అయినా ఎఫ్‌ఎం వినడానికి మనం కార్డు చూపించాల్సి రావడమే తప్పు. ఆ తప్పు సరిదిద్దేదాకా కార్డు మాత్రం జేబులో పెట్టుకుందాం.

ఇంక అసలు డిమాండ్. ఎఫ్‌ఎంతో ఉల్కలు వినడం అంటే ఇంకొకరి పాట మీద ఆధారపడటం. దేశంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద చాలా ఊర్లలో స్టేషన్లు ఉంటాయి. 98.3 అంటే హైదరాబాద్‌లోనూ మిర్చే, విజయవాడలోనూ మిర్చే. వినబడిన ముక్క ఎక్కడిదో తెలియదు. ఉల్క ఎటువైపు మండిందో చెప్పలేం. కొత్త స్టేషన్ ఒకటి వస్తే మన ఖాళీ జాగా పోయినట్టే. పూర్వం దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు ఉన్నప్పుడు వాటిని వాడుకునేవాళ్లు, ఇప్పుడు అవీ దాదాపు అన్నీ మూతపడ్డాయి.

జపాన్ వాళ్లు దీనికి మంచి ఉపాయం చేసిండ్రు. ఫుకుయి అనే చోట ఒక టెక్నికల్ కాలేజీ 53.750 మెగాహెర్ట్జ్ మీద బీకన్ పెట్టింది. బీకన్ అంటే పాట లేదు, మాట లేదు, ఎప్పుడూ ఒకే సిగ్నల్ పంపే చిన్న ట్రాన్స్‌మిటర్. 50 వాట్లు మాత్రమే, మన గదిలో సీలింగ్ ఫ్యాన్ తినే కరెంటు కన్నా తక్కువ. దాన్ని పట్టుకుని ఆ దేశంలో హైస్కూలు పిల్లలు కూడా ఏళ్ల తరబడి ఉల్కలు లెక్కపెట్టిండ్రు. యాభై మెగాహెర్ట్జ్ దగ్గర ఉల్క ప్రతిధ్వని ఎఫ్‌ఎం కన్నా ఎక్కువసేపు నిలుస్తది, ఎక్కువ వినబడుతది. పైగా పంపే చోటు ఖాయంగా తెలుసు.

మన దగ్గర తెలివి లేక కాదు. తిరుపతి దగ్గర గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది, 1024 యాంటెన్నాలతో. తిరుపతిలోనే శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీలో 2013 నుంచి ఉల్కల రాడార్ నడిచింది. ఉల్క గీత పైగాలికి కొట్టుకపోతుంటే దాన్ని చూసి 80, 90 కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తున్నదో కొలుస్తరు. బెలూన్ పోలేని, ఉపగ్రహం దిగలేని ఎత్తు అది. పెద్ద సైన్స్ మన పక్కనే ఉంది. హాస్టల్ దాకా రావడానికి నడుమ మెట్టు లేదు. ఆ మెట్టు బీకన్.

విభజన చట్టం 2014లో రెండు రాష్ట్రాలకూ గిరిజన యూనివర్సిటీలు రాసిండ్రు. విజయనగరం జిల్లాలోది 2019లో వచ్చింది. ములుగులో సమ్మక్క సారక్క పేరుతో పెట్టేదానికి 2023 డిసెంబర్‌లో చట్టం అయింది. మేము అడిగేది ఇది: విజయనగరం యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పేవాళ్ల చేతికింద, అన్ని అనుమతులతో, యాభై మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న బీకన్ పెట్టాలె. అక్కడి నుంచి శంషాబాద్‌కు 500 కిలోమీటర్ల పైనే, ఉట్నూరుకూ దాదాపు అంతే. ఈ పనికి సరిపోయే దూరం. మ్యాప్ మీద విజయనగరానికి, శంషాబాద్‌కు గీత గీసి సరిగ్గ మధ్య చుక్క పెట్టి చూడండి. మేము పెట్టి చూసినం. భద్రాచలం వచ్చింది. అంటే ఆ బీకన్ ఉంటే మేము శంషాబాద్‌లో వినే ఉల్కల్లో చాలావరకు, సుమారుగా, భద్రాచలం అడవుల మీద నూరు కిలోమీటర్ల ఎత్తున మండినవే. ఇది విన్నంకనే మా దోస్తు మళ్లీ రావడం మొదలుపెట్టిండు.

ఒక అక్క అన్నది, "హాస్టల్‌లో అన్నం సరిగ్గ ఉండదు, బాత్రూంకు తలుపు ఉండదు, మీకు బీకన్ కావాలా?" అక్క మాట మేము తేలికగా తీసుకోలేదు. మెస్ గురించి పెట్టిన ధర్నాలో మేమూ కూర్చున్నం, మళ్లీ కూర్చుంటం. కానీ మన పిల్లలు అడగాల్సింది అన్నం, తలుపు, దుప్పటి దాకానే అని ఎవరు గీత గీసిండ్రు? తలుపు పెట్టేదాకా ఆకాశం గురించి అడగొద్దంటే, తలుపు పెట్టనివాళ్లకు అది రెండు విధాలా లాభమే.

సీనియర్ అన్న ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. దీనితోని ఉద్యోగం వస్తదని మేము చెప్పం. శంషాబాద్‌లో విమానాలకు దారి చెప్పేది, ఆ రేడియో పరికరాలు చూసుకునేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ వాళ్లు. ఆ పోస్టులకు ఫిజిక్స్, మ్యాథ్స్ డిగ్రీ వాళ్లు, ఇంజనీర్లు పరీక్ష రాస్తరు, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంటది. షాద్‌నగర్‌లో 1979 నుంచి ఉపగ్రహాల సమాచారం దించుకునే కేంద్రం ఉంది. మన తాండాల వాళ్లు ఎయిర్‌పోర్టులో లోడర్లుగా, హౌస్‌కీపింగ్‌లో, క్యాబ్ డ్రైవర్లుగా ఉన్నరు. టవర్‌లోకి కూడా పోవాలంటే, రేడియో అంటే ఏందో ముందు చేత్తో పట్టుకుని చూడాలె గదా అన్నా. అంతకన్న ఎక్కువ చెప్తే అబద్ధం అయితది.

జూన్ మొదటి వారంలో ఏరియెటిడ్స్. మేము షాద్‌నగర్ వైపు తాండాలోనే ఉంటం, తెల్లవారుజామున మూడు నుంచి పొద్దున పది దాకా వింటం. ఉట్నూరు, పాడేరు, ఏటూరునాగారం వైపు ఎవరైనా అవే గంటల్లో వింటే లెక్కలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. బ్యాటరీ రెండు గంటలైనా నిలిచే పాత లాప్‌టాప్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, తాండాలో కరెంటు నమ్మకం లేదు. నోటుబుక్కులో తేదీ, గంట, ఒక్కో ముక్కకు ఒక గీత. విమానానికి మాత్రం గీత కాదు, సున్నా పెట్టండి. మేము మొదటి రాత్రి పెట్టలేదు.